ఐదు టైర్లు, ఒక ఉతికే బండ

ఇదొక మహాయాత్ర కథ. ఇందులో కొండలుంటాయి, గనులుంటాయి, చూపు పోయినవాళ్ళు, చూపు తిరిగొచ్చినవాళ్ళు ఉంటారు. ప్రకృతితో మనిషి చేసే పోరాటం ఉంటుంది. పైకి చెప్పుకోలేని ప్రేమ కూడా ఒకటి ఉంటుంది.

అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇది ఒక పాత జీపుకు టైర్లు కొన్న కథ. నాలుగు టైర్లు, స్టెప్నీతో కలిపితే ఐదు. కొండలున్న మాట నిజమే గానీ మేము వాటి పక్కనుంచి పోయాం.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకింకా ఇరవై తొమ్మిదే. కానీ నేను చేసిన ఉద్యోగం నాకంటే ముందే రిటైరైపోయింది, బండితో సహా. కాబట్టి ఫీల్డు ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు వచ్చేసిందని నేనే తీర్మానించుకున్నాను. అడిగినవాళ్ళెవరూ లేరు.

కర్నూలులో ఒక చిన్న ధర్మసంస్థ. మా పని పల్లెలకు పోయి ముసలివాళ్ళ కళ్ళు చూడటం, శుక్లాలున్నవాళ్ళను బండిలో ఎక్కించుకొని రావడం, ఆపరేషనయ్యాక మళ్ళీ వాళ్ళ గడపలో దించడం. దానికొక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు, ముగ్గురు మనుషులం. బండి నడిపేది డ్రైవరన్న. వేంపల్లె దగ్గర పల్లె ఆయనది, యాభై ఎనిమిదేళ్ళు. ఆదివారం వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. కళ్ళు పరీక్ష చేసేది కడప నుంచి వచ్చిన నర్సు. ఊరివాళ్ళందరికీ ఆమె సిస్టర్, కాబట్టి నాకూ సిస్టరే అనాల్సి వచ్చేది. ఈ విషయంలో నాకున్న ఇబ్బందిని అర్థం చేసుకోగలరు. ఇక నేను ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. అంటే పేర్లు రాసుకోవడం, టార్చి పట్టుకోవడం, చార్టు పక్కన నిలబడి "ఈ గీతలు యాపక్కకుండాయవ్వా" అని అడగడం.

జీపులో ముందు ఎడమ సీటు సిస్టర్‌ది. నేను వెనక, చార్టుకూ మందుల పెట్టెకూ మధ్య. అక్కణ్ణుంచి ఎడమ అద్దంలో నాకు ఆమె మోచేయి కనపడేది. ప్రేమ ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే మోచేతి దగ్గర అని చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వానాకాలంలో మూడు క్యాంపులు తప్పిపోయాయి. టైర్లు అరిగి బోడిగుండ్లయిపోయి, రెండు చినుకులు పడితే జీపు ఉన్నచోటే తిరిగేది. మేనేజర్ సార్ మమ్మల్ని పిలిపించి నిదానంగానే చెప్పాడు.

"కొత్త టైర్లు ఏపిస్తా. మీకు కావాల్సినవి మీరే చూసుకోండి. ఆ తర్వాత గూడా ఒక్క క్యాంపు తప్పిందంటే బండి అమ్మేస్తాం. తారు రోడ్డుండే ఊర్లకు బాడుగ కారు చాలు."

కారంటే దానికొక డ్రైవరు ఉంటాడు. జీపు పోతే డ్రైవరన్న ఇంటికి, సిస్టర్ కడపకు, నేను ఏదో ఒక ఆఫీసుకు. ఆ మోచేయి ఐదు టైర్ల మీద ఆధారపడి ఉందని నాకు ఆ గదిలో నిలబడే అర్థమైంది.

టైర్లు ఎంపిక చేసే బాధ్యత నేనే మీదేసుకున్నాను. రెండు వారాలు ఫోనులో టైర్ల వీడియోలు చూడటమే పని. నాకు తేలిందేమంటే టైర్లు మూడు రకాలు. సన్నగీతలవి తారు రోడ్డుకు. పెద్ద పెద్ద దిమ్మెల్లాంటి అచ్చులున్నవి బురదకు. ఈ రెంటికీ నడిమధ్య, అన్ని దారులకూ పనికొచ్చేది ఇంకోటి. నేను బురదవే ఎంచాను. ఆ వీడియోల్లో అవి వాగులు దాటేవి, గుట్టలెక్కేవి, ఆగాక ఎవరో ఒకాయన నల్లకళ్ళద్దాలు తీసేవాడు. బేతంచెర్లలో టీ తాగుతుండగా డ్రైవరన్నకు బొమ్మ చూపించాను.

"ఇదేందప్పా, మొసలి పండ్ల మాదిరుండాది" అన్నాడు డ్రైవరన్న.

"బురదలో దూసుకుపోతాదన్నా."

"మన సీమలో బురద ఏడాదికి ఎన్ని దినాలుంటాది?"

లెక్కపెట్టడానికి రెండు చేతులూ ఎత్తాను. "ఒక చెయ్యి చాల్లే" అంది సిస్టర్. తర్వాత ఫోను తీసుకొని చూసి, "నువ్వు టైరు కొంటాండావా, గోడకు పోస్టరు కొంటాండావా?" అని అడిగింది.

డ్రైవరన్న వాదించే మనిషి కాదు. నా రిజిస్టరు తీసుకొని, వెనక పేజీలో మూడు గడులు గీయించాడు. తారు ఒకటి, నాపరాళ్ళ దావ ఒకటి, నల్లరేగడి ఒకటి. "వారం దినాలు రాయప్పా. బండి ఏ నేలమీద ఎంత సేపు పోతాందో, అంతే. టైరు సంగతి ఆ పైవారం చూద్దాం."

నాపరాళ్ళ దావ అంటే ఆ పక్కవాళ్ళకు చెప్పక్కర్లేదు. బేతంచెర్ల చుట్టూ గనుల్లో బండ కోయగా మిగిలిన ముక్కల్ని దారిలోని గుంతల్లో పోస్తారు. గుంత పూడుతుంది. ముక్క అంచు మాత్రం కత్తిపీటలా పైకి లేచి ఉంటుంది, టైరు పక్కగోడ కోసం ఎదురుచూస్తూ.

వారం తర్వాత గడులు చూస్తే పదిపాళ్ళలో ఏడు తారు, రెండు నాపరాళ్ళు, ఒకటి రేగడి.

"ఏడుపాళ్ళు తారుమీద పోతాండాం. ఆడ నీ మొసలి పండ్లు గుయ్యిమని అరుస్తాయి, బిరీన అరుగుతాయి, తడి రోడ్డుమీద బ్రేకు నిలబడదు. వెనక ఎనిమిది మంది ముసిలోళ్ళుంటారు" అన్నాడు డ్రైవరన్న. "నడిమిదే తీసుకుందాం."

నా వీరత్వం పోతున్న బాధలో అడిగాను. "అన్నిటికీ పనికొచ్చేదంటే దేనికీ పూర్తిగా పనికిరానిదనే గదన్నా?"

"మనిద్దరం గూడ అంతే గదప్పా. జీతాలిస్తాండారు గదా."

కర్నూలులో టైర్ల కొట్టు సాయిబు ముసలాయన. ఆయన మొదట అడిగింది "యాడ తిరుగుతాది బండి" అని. రిజిస్టరు వెనక పేజీ చూపిస్తే, డాక్టరు రిపోర్టు చూసినట్టు చూసి, లోపలికి పోయి ఒక టైరు దొర్లించుకొచ్చాడు. అచ్చులు మరీ పెద్దవి కావు, మరీ సన్నవీ కావు. పక్కగోడను బొటనవేలితో నొక్కి చూపించాడు. గట్టిగా ఉంది. ఒక సైజు పెద్దది వేయిస్తే బండి ఎత్తుగా కనపడుతుంది కదా అని నేను చివరి ప్రయత్నం చేశాను.

"వద్దు బేటా. స్టీరింగ్ తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటాది. బండికి ఏ సైజు ఇచ్చినారో అదే ఎయ్యి" అన్నాడాయన.

నాలుగు చాలన్నాను. డ్రైవరన్న ఐదన్నాడు. స్టెప్నీ కూడా అదే జత కావాలట. లేకపోతే అవసరమైన రోజు నాలుగు చక్రాలూ నాలుగు తీర్లుగా ఉంటాయట.

వెనక తలుపుకు బిగించేముందు సాయిబు ఆ ఐదోదాని పక్కగోడ మీద చిన్న గడిలోని నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. సిస్టర్ వంగి చదివింది. ఇరవై మూడో వారం.

"అంటే జూన్ మొదట్లో" అంది వేళ్ళమీద లెక్కేసుకొని. "నేను ఈ బండెక్కింది ఆ వారమే. ఇవీ నేనూ ఒకే ఈడు."

ఐదు టైర్లమీద నాకు గౌరవం ఆ క్షణంలో పెరిగింది.

ఇక ఆ రోజు. అక్టోబరు. రెండు రోజులు వాన పడి వెలిసింది. బేతంచెర్ల అవతల ఒక చిన్న పల్లె. గనుల పక్కనుంచి నాపరాళ్ళ దారి, అది అయిపోయాక రెండు ఫర్లాంగులు నల్లరేగడి, తర్వాత ఊరు. ఎనిమిది మంది పేర్లు రాసి పెట్టాం. మధ్యాహ్నం రెండు లోపల వాళ్ళు కర్నూలు చేరి పరీక్షలు చేయించుకుంటేనే మర్నాడు ఆపరేషన్లు. ఆ ఎనిమిది మందిలో ఒక అవ్వ. రెండు కళ్ళూ పూర్తిగా మూసుకుపోయాయి. తప్పిన మూడు క్యాంపుల్లో రెండు ఆమె ఊరివే. "ఈతూరి రాకుంటే నా పేరు కొట్టేయండి" అని ఎవరి ఫోనులోనో చెప్పించింది.

నాపరాళ్ళ దారి దాటేశాం. ఒక్క గీత పడలేదు. రేగడి మొదలయ్యేచోట డ్రైవరన్న బండి ఆపి దిగాడు.

ఆయనకొక అలవాటుండేది. రేగడి ముందు దిగి, చెప్పులతో పది అడుగులు నడిచి వస్తాడు. కాలు ఒకసారి విదిలిస్తే మట్టి రాలిందా, నేరుగా పోవచ్చు. రెండుసార్లు విదిలించాల్సి వస్తే టైర్లలో గాలి తీసి పోవాలి. ఆ గాలికీ ఒక కొలత ఉంది. పుల్లతో వాల్వు నొక్కిపట్టి చర్చి పాట పాడుకుంటాడు. మామూలు తడికి ఒక చరణం గాలి, బాగా తడిస్తే రెండు చరణాలు. మీటరెందుకు కొనవన్నా అంటే, మీటరుకు పల్లవి రాదనేవాడు. చెప్పు మట్టిలోనే ఉండిపోతే మాత్రం పోయేది లేదు.

ఆరో అడుగులో ఆయన చెప్పు మట్టిలో ఉండిపోయింది. ఒంటి చెప్పుతో తిరిగొచ్చాడు.

"పోదప్పా. ఎండ తగలనీ. సాయంత్రానికి పోతాది."

సాయంత్రమంటే ఆపరేషన్లు లేవు. క్యాంపు తప్పినట్టే. నేను అద్దంలోకి చూశాను. మోచేయి కదల్లేదు. నాకు తెలిసిన తెలివంతా రెండు వారాల వీడియోల నుంచి వచ్చింది. దాన్ని వాడాల్సిన సమయం వచ్చిందనుకున్నాను.

"అన్నా, ఇవి పాత టైర్లు గావు. ఏం గాదు, పోనీ. నేను చెప్తాండా గదా."

"నువ్వు చెప్తాండావా?"

"చెప్తాండా."

"సిస్టర్, విన్నావు గదా" అని డ్రైవరన్న బండెక్కాడు.

ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో ఆ తర్వాత చాన్నాళ్ళు ఆలోచించాను. అవ్వ కోసమే అయి ఉంటుంది. లేదంటే, నాకు చెప్పి నేర్పడం కంటే ఇది తక్కువ శ్రమ అనుకున్నాడేమో.

ఒక ఫర్లాంగు పోయాం. రేగడి అచ్చుల్లో కూరుకొని, అచ్చులు పూర్తిగా కనపడకుండా పోయి, అన్ని దారులకూ పనికొచ్చే నాలుగు టైర్లు నాలుగు రాగిసంగటి ముద్దలయ్యాయి. బండి ఒక పక్కకు జారి, ఇరుసుదాకా దిగి, ఆగింది. డ్రైవరన్న ఇంజను ఆపాడు.

"ఇప్పుడేం చెప్తావప్పా?"

నేను ఫోను తీసి, సిగ్నల్ లేదని చెప్పాను. ఎవరికి చేయాలనుకున్నానో నాకే తెలీదు.

బండి మోత వినపడి ఊరు కదిలినట్టుంది. ముందుగా మా ఎనిమిది మందే వచ్చారు. ఒక కన్ను కాస్త కనపడే తాత ముందు, ఆయన భుజం పట్టుకొని ఒకరు, ఆ భుజం పట్టుకొని ఇంకొకరు, అట్లా ఎనిమిది మంది వరసగా, చేను గట్టుమీద. మేము వాళ్ళను తీసుకుపోవడానికి వచ్చాం. వాళ్ళు మమ్మల్ని తీసుకుపోవడానికి వస్తున్నట్టుంది.

"కూరుకపోయిందా?" అని వరసలోంచి అవ్వ అడిగింది.

"కూరుకపోయిందవ్వా" అంది సిస్టర్.

"ఎవురప్పా దీంట్లోకి దింపిన తెలివైనోడు?"

సిస్టర్, డ్రైవరన్న నావైపు చూశారు. అవ్వకు అది కనపడదు కదా, మళ్ళీ అడిగింది. "ఏం, ఎవురూ మాట్లాడరే."

"నేనేనవ్వా" అన్నాను.

"గొంతు బాగుండాదిలే" అంది అవ్వ.

ఆ ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా నాపబండలే. గోడ అదే, అరుగు అదే, గొడ్లపాక కప్పు అదే. వెనకే వచ్చిన మగవాళ్ళు తలా రెండు ముక్కలు మోసుకొచ్చి చక్రాల వెనక పరవడం మొదలుపెట్టారు. అవ్వ వంగి, ఒక బండమీద చెయ్యేసి తడిమింది.

"నున్నటివి ఏసినారు. జారతాది. నా ఇంటికాడ ఉతికే బండుండాది, మొరటుది, అది తెండి." ఒకాయన పోబోతుంటే వెనక నుంచి అంది. "మళ్ళా నా ఇంటికాడ పెట్టాల. నా పెండ్లప్పటి నుంచీ ఉండేదది."

డ్రైవరన్న పుల్ల తీసుకొని మొదటి చక్రం దగ్గర కూచున్నాడు. రెండు చరణాలు. నేను రిజిస్టరు గీతలు గీసే స్టీలు స్కేలుతో అచ్చుల్లోని మట్టి గీకుతున్నాను. రెండో చక్రం దగ్గరికి వచ్చేసరికి సిస్టర్ కూడా ఒక కట్టెపుల్ల తీసుకొని అవతల పక్క కూచుంది. ఆమెకూ ఆ పాట వచ్చట. డ్రైవరన్న గొంతు కింద సన్నగా ఆమె గొంతు కలిసింది, వాల్వులోంచి గాలి సుయ్యిమంటోంది, మా మధ్య ఒక టైరు. ఇన్నాళ్ళలో మోచేయి కాకుండా ముఖం అంత దగ్గరగా చూసింది అప్పుడే. నుదుటిమీద మట్టి అంటుకొని ఉంది. చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నాలుగు చక్రాలూ అయిపోయాయి. చివరికి కర్నూలు చేరాక వాచ్‌మన్ చెప్పాడు ఆమెకు.

"పాట బాగుండాది. బండి లేస్తాదా?" అని అడిగింది అవ్వ.

లేచింది. డ్రైవరన్న నాలుగు చక్రాల గేరు వేసి, వెనక్కి, ఒక్కో బండమీదకీ టైరును బుజ్జగించి ఎక్కించాడు. మొరటు బండమీద అచ్చు పట్టుకుంది. పట్టుకున్న ఆ అర నిమిషం కోసమే ఆ టైర్లు పుట్టాయనిపించింది. సరిగ్గా అప్పుడే టప్పుమని ఒక చప్పుడైంది.

"ఏం సప్పుడది?" అంది అవ్వ. అందరం చక్రం కిందికి చూశాం. "నా బండేనా?"

"అవునవ్వా. రెండు ముక్కలయ్యింది" అన్నాను.

"సిస్టరమ్మా, ఈ గొంతు ఎవురిదో పేరు రాసుకో."

గట్టినేల మీదకొచ్చాక కాలి పంపుతో మళ్ళీ గాలి కొట్టింది నేనే. నాలుగు టైర్లలోనూ ఎనిమిది చరణాలు. ఒకటీ ముప్పావుకు కర్నూలు చేరాం. క్యాంపు తప్పలేదు.

కట్టు విప్పిన రోజు అవ్వ ముందు డ్రైవరన్నను చూసింది, సిస్టర్‌ను చూసింది, ఆమె చెంప తడిమింది. తర్వాత నావైపు తిరిగి, "ఏదీ, మాట్లాడు" అంది.

"నేనేనవ్వా."

"నువ్వేనా. గొంతు ఇని ఇంగా పొడుగుంటావనుకున్యా" అంది. కళ్ళు చికిలించి ఇంకాసేపు చూసి, "బండ యాడ?" అని అడిగింది.

ఆమెను ఊళ్ళో దించే రోజు బేతంచెర్లలో ఆగి, అద్దంలా పాలిష్ పట్టిన బండ ఒకటి కొని తీసుకుపోయాను. అవ్వ అరచేత్తో రుద్ది చూసింది.

"ఇంత నున్నగుంటే మురికి యాడ పోతాదప్పా?"

డ్రైవరన్న బేతంచెర్ల దాకా నవ్వుతూనే ఉన్నాడు. పైవారం ఆయనే గని గట్టుమీద వెతికి మొరటు బండ ఒకటి తెచ్చి, ఆమె తొట్టి పక్కన పాతి పెట్టాడు. నా బండను అవ్వ గడప ముందు వేసుకుంది. దానిమీద ఇద్దరు జారిపడ్డారని తర్వాత తెలిసింది.

ఆ టైర్లు వేశాక మాకు ఒక్క క్యాంపూ తప్పలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాం. అయితే వచ్చిన ఎండాకాలంలో ఆ పల్లెకు తారు రోడ్డు వేశారు. ఇంకో రెండు పల్లెలకు కూడా వేశారు. మేనేజర్ సార్ సంతోషంగా పిలిచి చెప్పాడు. "ఇంగ అన్ని ఊర్లకూ కారు పోతాది." అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ముసలివాళ్ళు కుదుపులు లేకుండా పోతారు. మేము ఓడిపోయి ఉంటే కనీసం ఓడిపోయామని చెప్పుకునేవాళ్ళం.

చివరి ప్రయాణం వేంపల్లె వైపు. చివరి తాతను ఇంట్లో దించి, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగాం. డ్రైవరన్న టీ తాగకుండా గాలి చూసొస్తానని పోయాడు. నాలుగు చక్రాలకు గాలి చూడటానికి ఎన్నడూ పట్టనంత సేపు చూశాడు. వెనకకు పోయి స్టెప్నీకి కూడా చూశాడు. ఆయన వీపు మావైపే ఉంది. ఆ వీపు అంత జాగ్రత్తగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

సిస్టర్ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకొని అడిగింది. "ఏమన్నా చెప్పాల్నా?"

నెలరోజులుగా ఒక వాక్యం సిద్ధం చేసుకొని పెట్టుకున్నాను. పెద్దదేం కాదు, నాలుగు మాటలు. గొంతు సవరించుకున్నాను.

"ఐదు టైర్లూ మార్చి మార్చి వేసుంటే సమంగా అరిగేవి. స్టెప్నీ ఒక్కసారి గూడా నేల తాకలేదు" అన్నాను.

ఆమె జీపు వెనక వేలాడుతున్న దానివైపు కాసేపు చూసింది.

"అవును. పాపం" అంది.

టీ చల్లారిపోయింది. డ్రైవరన్న వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, "పోదాం పాండి" అన్నాడు. దారంతా ఆయన ఒక్క చరణం కూడా పాడలేదు.

ఐదేళ్ళయింది. డ్రైవరన్న ఊళ్ళో మేకలు పెట్టుకున్నాడు. ఫోను చేస్తే ముందు మేకలు మాట్లాడతాయి. సిస్టర్ కడపలో ఒక ఆసుపత్రిలో ఉంది. పండగలకు ఇద్దరం ఒకరికొకరం దండం పెట్టే బొమ్మ పంపుకుంటాం. నా పని కర్నూలులో ఒక గదిలో, కంప్యూటరు ముందు. నా కుర్చీకి ఐదు చక్రాలున్నాయి. ఏ నేలమీద పోతోందో గడులు గీసి రాయాల్సిన అవసరం లేదు.

పోయిన నెల పనిమీద బేతంచెర్ల పోతే, రైల్వే గేటు పడింది. నా ముందు మా జీపు. ఎవరో గని ఆయన కొన్నట్టున్నాడు, వెనక బండలు పేర్చి ఉన్నాయి. దిగి దగ్గరికి పోయాను. నాలుగు టైర్లూ అవే, అరిగి సగమయ్యాయి. స్టెప్నీ మాత్రం అట్లాగే ఉంది. కొత్త టైరుకు పుట్టువెంట్రుకల్లా ఉంటాయే సన్నటి రబ్బరు ముళ్ళు, అవి కూడా ఊడలేదు. దుమ్ము తుడిచి అంకెలు చూశాను. ఇరవై మూడో వారం. ఆ అంకెల చుట్టూ వెంట్రుకమందం పగుళ్ళు.

గేటు లేచింది. వెనక బండివాడు హారను కొట్టాడు. జీపు పట్టాలు దాటి, ఎడమకు తిరిగి, గనుల వైపు పోయింది. అద్దంలో ఎవరి మోచేయో ఉంది, మీసాలాయనది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద ఆ నాలుగంకెలు తప్పక చూసుకోండి. తయారై ఐదారేళ్ళు దాటితే, అచ్చులు ఎంత నిండుగా ఉన్నా ఆ టైరును మార్చేయాలి. తిరక్కపోయినా ఎండకు రబ్బరు పగులుతుంది. స్టెప్నీకి కూడా ఇదే లెక్క.